అక్షరాలే ఆటగా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పాత ఫ్లాపీల నుంచి కాపీ చేసి దాచుకున్న ‘జోర్క్ 1’ (బొమ్మలు లేకుండా, ఆదేశాలు టైపు చేస్తూ ఆడే పాత అక్షరాల ఆట) ఫోల్డర్ దొరికింది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఈఎక్స్‌ఈ ఫైలు తెరుచుకోవడం లేదు. మళ్లీ ఆడే దారి ఉందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

ఉంది. ఆ ఈఎక్స్‌ఈ డాస్ కాలం నాటిది, 64 బిట్ విండోస్‌లో నడవదు. దాన్ని వదిలేయండి. ఆట మొత్తం పక్కనే ఉన్న డీఏటీ ఫైల్లో ఉంది. ఈ ఆటను తెచ్చిన ఇన్ఫోకామ్ కంపెనీ వాళ్లు 1979లో ‘జడ్-మెషీన్’ అనే ఊహా కంప్యూటర్‌ను తయారు చేసుకుని, ఆటలను దానికోసమే రాశారు. ఏ రకం కంప్యూటర్ వచ్చినా దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్ ఒక్కటి ఉంటే చాలు, ఆటను తిరగరాయక్కర్లేదు. ఎంత మంచి ముందుచూపో! మీ ఆట ఇవాళ బతికి ఉన్నది అందువల్లే.

డీఏటీ ఫైలు పేరు చివర ‘జడ్3’గా మార్చి, ఉచితంగా దొరికే ఫ్రాట్జ్ ప్రోగ్రామ్‌తో తెరవండి. విండోస్ ఎక్స్‌టెన్షన్లను దాచిపెడుతుంది కాబట్టి పేరు ‘జడ్3.డీఏటీ’గా మారిపోయే ప్రమాదం ఉంది. ముందు ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. పాత సేవ్ ఫైళ్లు మాత్రం ఫ్రాట్జ్‌లో పనిచేయవు, ఆట మొదటి నుంచీ ఆడాల్సిందే.

ప్రశ్న: జోర్క్‌లో నేలమాళిగలోకి దిగగానే పైతలుపు మూసుకుపోతోంది. బయటికి రావడమెలా? లాంతరు కూడా సగంలోనే ఆరిపోతోంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

దిగిన చోటి నుంచి దక్షిణం, తూర్పు, ఉత్తరం వెళితే స్టూడియో గది వస్తుంది. దారిలో గ్యాలరీలో ఉన్న పెయింటింగ్ తీసుకోండి, అది నిధుల్లో ఒకటి. స్టూడియోలోని పొగగొట్టం గుండా పైకెక్కితే వంటింట్లో తేలతారు. లాంతరు కాక మరొక్క వస్తువుకు మించి చేతిలో ఉంటే ఎక్కనివ్వదు. కత్తి కూడా పట్టుకుని ప్రయత్నించి చాలామంది అక్కడే ఆగిపోతారు. కత్తి కింద పడేయండి.

లాంతరు బ్యాటరీ మీరు ఇచ్చే ఆదేశాల లెక్కన ఖర్చవుతుంది, గడియారంతో సంబంధం లేదు. వెలుతురున్న గదిలో తప్పకుండా ఆర్పేయండి. లోపల దొరికే దంతపు కాగడా ఎప్పటికీ ఆరదు, దొరికాక లాంతరు దాచుకోవచ్చు. అయితే కాగడా నిప్పుతో వెలిగేది. బొగ్గుగనిలోని గ్యాస్ గదికి దాన్ని తీసుకెళ్తే పేలిపోతారు. లాంతరును మిగల్చమనేది ఆ గది కోసమే.

చిక్కుదారుల్లో గదికో వస్తువు పడేసి గుర్తు పెట్టుకునే పాత పద్ధతి ఉంది కానీ, దొంగ వచ్చి వాటిని ఎత్తుకుపోతాడు. కాగితం మీద గీసిన పటమే నమ్మకం. గదికో గడి గీసి, ఒక్కో దారికి రెండు కొసల్లోనూ దిక్కు రాయండి. దక్షిణంగా వెళ్లినవారు ఉత్తరంగా వస్తే పాత గదికే చేరతారని అనుకోకండి. ఆట పరిష్కారం రాసిపెట్టిన వాక్‌త్రూ చూసేముందు ఈ పటం మీద రెండు సాయంత్రాలు గడపండి, ఆట రుచి అక్కడే ఉంది.

ప్రశ్న: లాంబ్డామూలోకి ఇప్పుడు వెళ్లగలమా?
– ఒక పాఠకుడు, డాలస్

వెళ్లవచ్చు. జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం ‘పార్క్’లో 1990లో పావెల్ కర్టిస్ మొదలుపెట్టిన లోకమిది, ఇంటర్నెట్ ద్వారా చాలామంది ఒకేసారి అక్షరాల్లోనే తిరుగుతూ మాట్లాడుకునే చోటు. చిరునామా లాంబ్డా డాట్ మూ డాట్ మడ్ డాట్ ఆర్గ్, పోర్ట్ 8888. ‘కనెక్ట్ గెస్ట్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే కోట్లు తగిలించే అల్మరాలో ఉంటారు, ‘అవుట్’ అంటే హాల్లోకి వస్తారు. ఇలాంటి చోట్లకు కలిపే పాత ప్రోగ్రామ్ విండోస్ టెల్‌నెట్ వాడితే ఇతరుల మాటలు మీరు టైపు చేసే వరుస మధ్యలో వచ్చిపడతాయి. ఇలాంటి లోకాల కోసమే చేసిన మడ్‌లెట్ ప్రోగ్రామ్‌లో టైపు చేసే చోటు విడిగా ఉంటుంది. తెలుగు లిపి అక్కడ చెల్లదు. టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా ప్రయాణిస్తుంది, కాబట్టి వేరే ఎక్కడా వాడనిది పెట్టుకోండి.

ప్రశ్న: ఇలాంటి ఆట పిల్లలకు తెలుగులో రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?
– ఒక ఉపాధ్యాయిని, కర్నూలు

మంచి పని. అయితే ఆదేశాలు టైపు చేసే పద్ధతి తెలుగులో కష్టం. ఇంగ్లిష్‌లో ‘లాంప్’ ఎక్కడైనా లాంపే. మన దగ్గర దీపం ‘దీపాన్ని’, ‘దీపానికి’ అవుతుంది. ఇల్లు ‘ఇంట్లో’ అయ్యేసరికి అసలు మాటే మారిపోతుంది. ‘తీసుకో’, ‘తీసుకోండి’, ‘తీస్కో’ అన్నీ ఒకటేనని కంప్యూటర్‌కు చెప్పాలి. ప్రతి వస్తువుకూ ఈ రూపాలన్నీ జాబితా కట్టే ఓపిక ఉంటే చేయవచ్చు.

మొదటి ఆటకు, లింకులతో నడిచే కథలు రాసే ట్వైన్ అనే ప్రోగ్రామ్ వాడండి. అందులో పిల్లలు టైపు చేయనక్కర్లేదు, మాట మీద నొక్కితే తర్వాతి గది తెరుచుకుంటుంది. రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య గది పేరు తెలుగులోనే రాస్తే లింకు తయారవుతుంది. పూర్తయ్యాక ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా వస్తుంది, ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. మొదట పది గదులు చాలు.

తెలుగులో వచ్చే చిక్కు ఒకటుంది. ‘బాక్స్‌లో’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. ఒకచోట అది ఉండి మరోచోట లేకపోతే చూపుకు పేర్లు ఒకటే, ట్వైన్‌కు వేరు. అప్పుడు మీ గదికి బదులు కొత్త ఖాళీ గది పుట్టుకొస్తుంది. అందుకే గదుల పేర్లు ‘బావి’, ‘వంటిల్లు’ లాంటి తేలిక మాటల్లో పెట్టండి, లేదా కాపీ చేసి అతికించండి. బ్రౌజర్‌లో ట్వైన్ వాడితే కథ ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది, హిస్టరీతో పాటు సైట్ డేటా తుడిచేస్తే అదీ పోతుంది. రోజూ పని ముగించేటప్పుడు ఆర్కైవ్ ఫైలు దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.