ఆ రైలు ఎందుకు నడుస్తోంది?

అమ్మాయీ,

నువ్వు ఇంట్లో కట్టిన మోడల్ రైలు మీద రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ లేఅవుట్ కోసం, అంటే బోర్డు మీద పట్టాలూ కొండా స్టేషనూ పేర్చిన తీరు కోసం, రెండోసారి నీ వాక్యాల కోసం. లేఅవుట్ బాగుంది. వాక్యాల దగ్గర కొంత పని ఉంది. ఈ ఉత్తరం దాని గురించే.

ముందు మొదటి పేజీ తీసెయ్. 1853లో బోరీబందర్ నుంచి ఠాణాకు తొలి రైలు బయల్దేరిన సంగతితో మొదలుపెట్టావు. మన రైళ్ల గురించి ఎవరు రాసినా ఆ స్టేషన్లోనే ఎక్కుతారు. బండి ఠాణా చేరకముందే చదివేవాడు దిగిపోతాడు. రెండో పేజీ అంతా నువ్వు కొన్న సామాన్ల జాబితా, ధరలతో సహా. అదీ వద్దు. నీ వ్యాసం నిజానికి మూడో పేజీలో మొదలవుతోంది. చిన్న ఇంజన్ పాయింటు మీదికి, అంటే దారి రెండుగా చీలేచోటికి, రాగానే ఆగిపోయింది, వేలితో నెడితే కదిలింది, ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ అక్కడే ఆగింది. అక్కడి నుంచి మొదలుపెట్టు. బండి ఎందుకు ఆగిందో తెలుసుకోవాలని రైళ్లంటే ఆసక్తి లేనివాళ్లకు కూడా ఉంటుంది.

అయితే ఆ కారణం దగ్గరే నువ్వు తొందరపడ్డావు. 'ఫ్రాగ్‌కి కరెంటు లేదు, వేరే పాయింటు వేశాక సరిపోయింది' అని ఒక్క ముక్కలో దాటేశావు. చదివేవాళ్లకు ఫ్రాగ్ అంటే ఏం తెలుసు? ఇలా చెప్పొచ్చు: ఇంజన్‌కు కరెంటు పట్టాల నుంచే వస్తుంది, ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్. పాయింటు దగ్గర రెండు దారులు విడిపోయేచోట ఈ రెండు పట్టాలూ ఒకదాన్నొకటి దాటాలి. ఆ చోటే ఫ్రాగ్. తగిలితే షార్ట్ అవుతుంది కాబట్టి అక్కడ చిన్న ప్లాస్టిక్ ముక్క పెడతారు. ఎనిమిది చక్రాల ఇంజన్‌కు అది అడ్డంకి కాదు, మిగతా చక్రాలు కరెంటు మీదే ఉంటాయి. నీది నాలుగు చక్రాల బుల్లి ఇంజన్. ఒక చక్రం ప్లాస్టిక్ మీద, ఇంకోదాని కింద కాస్త మురికి, అంతే, నిలబడిపోయింది. ప్లాస్టిక్ బదులు లోహం పెట్టి, పాయింటు ఎటు తిరిగితే అటువైపు కరెంటు అందేలా స్విచ్ కలిపావు. ఇది రాయడానికి ఒక పేరా చాలు, కానీ ఆ పేరా ఉండాలి.

గేజ్‌కీ (పట్టాల మధ్య వెడల్పు) స్కేల్‌కీ (మోడల్ అసలు రైలులో ఎన్నో వంతు) తేడా చెప్పడానికి పెద్ద పట్టిక వేశావు. పట్టిక తీసేసి ఒక్క లెక్క చెయ్యి. కాల్కా–సిమ్లా లాంటి నారోగేజ్ లైన్లలో పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. అందుకే 1:87 స్కేల్లో కట్టేవాళ్లు ఆ లైన్లకు 9 మి.మీ. ట్రాక్ వాడతారు. ఇదే 9 మి.మీ. ట్రాక్ మీద ఎన్ స్కేల్ వాళ్లు, అంటే 1:160 వాళ్లు, యూరప్ అమెరికాల 1435 మి.మీ. పెద్ద లైను నడుపుతారు. పట్టా మారలేదు. పైన ఎక్కిన పెట్టె, పక్కన నిలబడిన మనిషి సైజు మారాయి. నువ్వు ఎన్ స్కేల్ ఇంజన్ అడుగుభాగాన్ని మోటారుతో సహా తీసుకుని, మీద ప్లాస్టిక్ షీటుతో పెద్ద బాడీ కట్టి నారోగేజ్ ఇంజన్ చేయగలిగింది ఇందువల్లే కదా! నీ వ్యాసంలో ఈ రెండు సంగతులూ నాలుగు పేజీల దూరంలో ఉన్నాయి. పక్కపక్కన పెట్టు, వేరే వివరణ అక్కర్లేదు.

పాకాల–ధర్మవరం లైను నారోగేజ్ అని రాశావు. కాదు, అది 1890ల తొలినాళ్లలో సౌత్ ఇండియన్ రైల్వే వేసిన మీటర్ గేజ్, 1000 మి.మీ. విదేశాల్లో 1435 కంటే సన్నమైనదంతా నారోగేజ్ లెక్కలోకే వస్తుంది, నువ్వు ఆ పుస్తకాలు చదివి ఉంటావు. మన రైల్వేలో రెండూ వేరు. ఊటీ రైలు కూడా మీటర్ గేజే. మీ తాత పాకాల స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా చేశాడంటున్నావు. ఆయనకు చూపించకుండా ఈ వాక్యం నాకు పంపడం ఏం న్యాయం?

తెలుగు నేల మీద అసలైన నారోగేజ్ కావాలంటే శ్రీకాకుళం జిల్లా నౌపడకు పోవాలి. పర్లాకిమిడి రాజావారి లైను 1900లో అక్కడి నుంచే మొదలైంది, తర్వాత గుణుపూరు దాకా సాగింది. ఇప్పుడదీ బ్రాడ్ గేజే. మనకు దగ్గర్లో అయితే కోలారు, చింతామణి, చిక్కబళ్లాపురం మీదుగా బెంగళూరుకు ఒక నారోగేజ్ ఉండేది. మదనపల్లె నుంచి చింతామణి ఎంతో దూరం లేదు. కాబట్టి చిత్తూరు పల్లెల్లోకి ఒక నారోగేజ్ కొమ్మ వచ్చినట్టు నువ్వు ఊహించుకోవడం మరీ గాల్లో మాట కాదు. ఇది రాయి, నీ ఊహకు కాళ్లొస్తాయి.

ఇక అసలు విషయం. నీ లేఅవుట్లో రైలు పాకాల నుంచి బయల్దేరి కొండ చుట్టి వెనక్కి వస్తోంది. ఎందుకు? ఏం మోస్తోంది? ఎవరి డబ్బుతో వేశారు? మన వైపు కొండ అందంగా ఉందని ఎవరూ పట్టాలు వెయ్యరు. నారోగేజ్ వేసేదే ఖర్చు తగ్గించుకోవడానికి. సన్నటి దారి, తేలికపాటి పట్టాలు, కొండను తవ్వకుండా దాని పక్కనే తిరిగిపోయే గట్టి వంపులు. బదులుగా వేగం తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, పెద్ద లైను కలిసేచోట సరుకంతా దించి మళ్లీ ఎక్కించాలి. ఈ చివరిదాని గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు, కానీ నాకు తెలిసినంతలో నీ లేఅవుట్‌కు ప్రాణం పోసేది అదే. ఒక ప్లాట్‌ఫారం, దానికి ఇటువైపు 9 మి.మీ. ట్రాక్, అటువైపు మీటర్ గేజ్ కోసం 12 మి.మీ. ట్రాక్. మధ్యలో బెల్లం బస్తాలు భుజాన వేసుకుని ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మోసే హమాలీలు. అక్కడ రోజంతా పని ఉంటుంది. బండి ఎప్పుడొస్తుందా అని ఎవరో ఎదురు చూస్తుంటారు, రాకపోతే ఎవరో తిడతారు. నువ్వు రాయబోయే పేజీల్లో సగం ఆ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి.

నెల కూడా తేల్చుకో. ఫొటోలో ఒకే సైడింగు (సరుకు ఎక్కించే పక్క పట్టా) దగ్గర చెరకు బండ్లూ తోతాపురి మామిడి గుట్టా ఉన్నాయి. చెరకు ఆడేది చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా. తోతాపురి దిగేది జూన్, జూలైలో. చిత్తూరు రైతు ఎవరైనా చూస్తే అక్కడే నవ్వుతాడు, ఆ తర్వాత నువ్వు ఏం చెప్పినా నమ్మడు. జనవరి అనుకుంటే మామిడిగుట్ట తీసెయ్, చెట్లకు పూత పెట్టు. చెరకు నిండిన పెట్టెలు ఒకవైపే పోతాయి, ఖాళీవి తిరిగి రావాలి, కాబట్టి ఫ్యాక్టరీ దగ్గర నిండువాటికీ ఖాళీవాటికీ చెరో పట్టా కావాలి. ఇంజన్ ఈ చివర నుంచి ఆ చివరకు రావడానికి ఒక లూపు కావాలి. ఇవి పోను మిగిలిన నాలుగో పట్టాకు కారణం నీ వ్యాసంలో నాకు దొరకలేదు. బోర్డు మీద కూడా దొరక్కపోతే పీకెయ్. వ్యాసంలో ఐదో పేజీ కూడా అలాంటిదే.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది కొండ. శేషాచలాన్ని గుండ్రటి పచ్చ దిబ్బలాగా కాకుండా, పైన నిలువుగా తెగిన ఎర్రటి బండ, కింద వాలుగా జారిన గుండ్లు, ఇలా రెండు రకాలుగా చేశావు. ధర్మాకోల్ పలకలు అడ్డంగా పేర్చి పై భాగం, ప్లాస్టర్‌తో కింది భాగం. ఎందుకలా అన్నది మాత్రం చెప్పలేదు. తిరుమల ఘాట్ రోడ్డులో జియలాజికల్ సర్వే వాళ్ల బోర్డు ఉంది, ఈసారి వెళ్తే చదువు. కిందిది గ్రానైటు, పైది క్వార్ట్‌జైటు, రెంటి వయసుల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ. రోజూ బస్సుల్లో గోవిందా అంటూ దాన్ని దాటిపోయే వాళ్లకు నీ ధర్మాకోల్ పలకల ద్వారా ఆ సంగతి చెప్పగలవు. అంత మంచి అవకాశాన్ని 'కొండ తయారీ' అనే చిన్న శీర్షిక కింద పడేశావేమిటి?

ఎర్రమట్టి జల్లించి వాడేముందు అయస్కాంతం తిప్పాలని రాశావు చూడు, అలాంటివి ఇంకా కావాలి. మట్టిలోని ఇనుప రేణువులు మోటారులోకి ఎక్కుతాయన్న కారణం కూడా వెంటనే చెప్పావు. పట్టాల మధ్య కంకర నిలవడానికి ఫెవికాల్ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క ఎందుకు వెయ్యాలో కూడా అంతే చక్కగా చెప్పావు. బీరకాయ పీచు పొదలు, శుభలేఖల అట్టతో స్టేషన్ గోడలు, అన్నీ ఉండనీ.

గది గురించి మాత్రం దాచిపెట్టావు. 'స్థలాభావం వల్ల లేఅవుట్‌ను రెండు మడతలుగా నిర్మించితిని' అని గ్రాంథికంలోకి వెళ్లిపోయావు. అసలు కారణం మీ అమ్మ ఫోన్లో చెప్పింది: దర్శనానికి వచ్చే చుట్టాలకు పడుకోను ఆ గదే దిక్కు. తిరుపతిలో ఏ ఇంట్లో మాత్రం వేరేగా ఉంది? బ్రహ్మోత్సవాలప్పుడు మా ఇంట్లో నా రాతబల్ల కింద కూడా చాప పరుస్తారు. అదే రాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బోర్డు మధ్యలో మడిచి గోడకు నిలబెట్టాలి కాబట్టి కీలు దగ్గర పట్టాలు రోజూ ఒకే చోట కలవాలి, అందుకే అంచుల్లో ఇత్తడి స్క్రూలు దించి పట్టాల చివర్లను వాటికి సోల్డర్ చేశావు. చుట్టాలు లేకపోతే ఆ స్క్రూలు లేవు. 228 మి.మీ. వ్యాసార్థం ఉన్న వంపు ఎంచుకున్న కారణమూ ఆ గదే. పూర్తి చుట్టు అడ్డంగా 456 మి.మీ., రెండడుగుల బోర్డు 610, రెండువైపులా నాలుగు వేళ్ల చోటు. అంత గట్టి వంపులో పొడవాటి పెట్టెలు పక్కకు పొడుచుకొస్తాయి కాబట్టి పొట్టి పెట్టెలే నడపాలి.

మేడమీది గది అంటే ఎండ సంగతి కూడా రాయాలి. మే నెలలో 40 దాటుతుంది. 20 డిగ్రీలు పెరిగితే మీటరు నికెల్ సిల్వర్ పట్టా మూడో వంతు మిల్లీమీటరు సాగుతుంది, అందుకే అతుకుల దగ్గర సందులు వదలాలి. అక్టోబరులో వానలు మొదలయ్యాక పట్టాలు బాగానే ఉంటాయి, ఈసారి ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది. అంచులకూ అడుగుకూ వార్నిష్ వేశావా? వేసి ఉంటే రాయి, వేయకపోతే ముందు వెయ్యి.

తాతను కూర్చోబెట్టి టోకెన్ గురించి అడుగు. ఒకే పట్టా మీద రెండు బళ్లు ఎదురుపడకుండా ఆ టోకెన్ చేతికొస్తేనే డ్రైవరు కదిలేవాడు. ఆయన ఎలా చెబితే అలా, ఆయన మాటల్లోనే రాసుకో. 'ఆ వ్యవస్థ ప్రమాదాలను నివారించుటకు ఉద్దేశించబడినది' అని మార్చకు. ఇంజన్, పెట్టె, పాయింటు, షంటింగ్, గేటు, ఇవన్నీ మనవాళ్లు నోటితో వాడేవే. ధూమశకటం దాకా పోవద్దు.

ఫొటోలు పైనుంచి తీయకు. 1:87లో మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. ఫోన్‌ను తలకిందులు చేసి, కెమెరా ఉన్న అంచును బోర్డుకు ఆనించి తియ్యి. ప్లాట్‌ఫారం మీద హమాలీ ఎంత ఎత్తు నుంచి ఇంజన్‌ను చూస్తాడో అంత ఎత్తు నుంచి కనిపించాలి.

రెండో ప్రతి దీపావళి లోపల పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాసి, పేజీలకు నంబర్లు వెయ్యి. మా ఇంటికే తెచ్చిస్తానంటే మరీ మంచిది, కానీ బ్రహ్మోత్సవాలు అయ్యాక రా. అప్పటిదాకా ఇక్కడా కూర్చోను చోటుండదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు