ముందు బెల్టు తప్పించు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. అమ్మమ్మ పోయాక మనవరాలు అటక మీది కుట్టుమిషనును కిందికి దించి, దుమ్ము తుడిచి, వంటింట్లోంచి వేరుశనగ నూనె తెచ్చి నాలుగు చుక్కలు వేయగానే అది టకటకమని నడిచిందని రాశావు. నేను అక్కడే ఆగిపోయాను.

వంటనూనె మిషనును నడిపించదు, బిగదీస్తుంది. వేసిన రోజు చక్కగానే జారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దుమ్మునూ దారపు పీచునూ పట్టుకుని, తుమ్మబంకలా ఇనుముకు అతుక్కుపోతుంది. నీ కథలో అమ్మమ్మే మిషను మీది ప్రేమకొద్దీ ఆ నూనె పోస్తూ వచ్చి ఉండవచ్చు. ఆ బంకను మనవరాలు గీకి తీయాల్సి రావచ్చు. ఇంత కథ చేతిలో పెట్టుకుని నాలుగు చుక్కలతో దాటేశావు.

మా అమ్మ మిషను ఆమె పోయాక 11 ఏళ్లు మూలన ఉంది. ఒకరోజు చక్రం తిప్పి చూశాను. చక్రం తిరిగింది, సూది కదలలేదు. లోపల ఏదో విరిగిందనుకున్నాను. మా వీధి చివర దుకాణం ఉన్న పెద్దాయన, నలభై ఏళ్లుగా రవికలు కుడుతున్నవాడు, వచ్చి ముందుగా పెడల్‌ను పై చక్రంతో కలిపే బెల్టు తప్పించాడు. పెడల్ తొక్కాడు, అది తేలిగ్గా ఆడింది. అంటే కింద తప్పు లేదు. తర్వాత చక్రం మధ్యలో ఉండే గుండ్రటి బిళ్లను వేళ్లతో పట్టుకుని, “ఇది వదులు చేసి ఉందమ్మా” అన్నాడు.

బాబిన్‌కు, అంటే అడుగుదారం ఉండే చిన్న రీలుకు, దారం చుట్టేటప్పుడు ఆ బిళ్లను వదులు చేస్తారు. అప్పుడు చక్రం ఒక్కటే తిరుగుతుంది, సూది ఊరుకుంటుంది. నేను పక్కకు చూశాను. చుట్టే పుల్లకు ఒక బాబిన్ ఉంది. తెల్లదారం, సగం దాకా చుట్టి ఉంది. పదకొండేళ్లుగా ఆ మిషను మీది గుడ్డ తీసి దులుపుతూనే ఉన్నాను, ఆ బాబిన్‌ను చూస్తూనే ఉన్నాను. ఆ బిళ్ల ఎందుకుందో తెలిసిన రోజే అమ్మ చివరిసారి చేస్తున్న పని ఏమిటో నాకు తెలిసింది.

బిళ్ల బిగించగానే చక్రం కూడా కదలడం మానేసింది. అసలు జబ్బు అప్పుడు బయటపడింది. నూనె వేసే ప్రతి రంధ్రంలోనూ, ఇనుము మీద ఇనుము ఆడే ప్రతిచోటా కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేయమన్నాడు పెద్దాయన. (పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి చేయాలి.) మర్నాడు చక్రాన్ని అటొక వెంట్రుకవాసి, ఇటొక వెంట్రుకవాసి ఆడించాలి. బలం ఉపయోగించకూడదు. మాకు మూడు రోజులు పట్టింది. గోధుమరంగు జిగురు కారుతుంటే తుడుస్తూ, మళ్లీ వేస్తూ ఉన్నాం. తర్వాతే మిషను ఆయిల్. సూది కింది రేకు విప్పితే, బట్టను ముందుకు జరిపే పళ్ల మధ్య పీచు దిమ్మెసకొట్టినట్టు గట్టిపడి ఉంది. పిన్నుతో లేపితే పొరలుగా వచ్చింది: పైన తెలుపు, కింద మా తమ్ముడి బడి నిక్కర్ల ఖాకీ, ఆ కింద ఏదో ఎరుపు.

కొత్త సూది పెట్టి కుడితే బట్ట అడుగున ఉచ్చులు ఉచ్చులుగా పడ్డాయి. నేను బాబిన్‌ను అనుమానించాను. “అడుగున ఉచ్చులు పడితే పైదారాన్ని చూడండి” అన్నాడాయన. పైదారాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ బిళ్లల మధ్యకు దారం దిగలేదు, పైనుంచే పోతోంది. నీ కథ చివరి పేజీ తేలిపోయిందని నువ్వే రాశావు. దాన్ని దిద్దుతూ కూర్చోకు, రెండో పేజీలో నూనె చుక్కల దగ్గరికి వెళ్లు.

ఇంకో రెండు సంగతులు. అమ్మమ్మకు వాళ్లమ్మ ఇచ్చినది 1920లో కొన్న ఉషా మిషను అన్నావు. ఉషా మిషన్లు కలకత్తాలో తయారవడం మొదలైంది 1930లలో. అంత పాతదే కావాలంటే సింగర్ అని రాయి, స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారం నుంచి ఓడ ఎక్కి వచ్చినది. ముత్తాత గాంధేయవాది కనుక మిషనును చూసి ముఖం తిప్పుకునేవాడన్నావు. యంత్రాల వ్యామోహాన్ని అంతగా నిరసించిన గాంధీజీ 1924లో తన వారపత్రిక ‘యంగ్ ఇండియా’లో సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టుతో పడే శ్రమ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని, దాని వెనక ప్రేమ ఉందని ఆయన అన్నారు. నీ ముత్తాత ఆ సంచిక చదివి, ఆ సాయంత్రమే భార్య పక్కన కూర్చుని చక్రం తిప్పి ఉంటే?

మీ ఊళ్లో అటక మీద మిషను నిజంగానే ఉందన్నావు కదా. సంక్రాంతికి వెళ్లినప్పుడు దించు. దారం లేకుండా చక్రాన్ని నీవైపుకు మెల్లగా తిప్పు. తిరిగితే, సూది పక్కన జరిగే రేకును జరిపి లోపలికి చూడు. సూది అడుగుకు దిగి కాస్త పైకి లేచే క్షణంలోనే బాబిన్ ఉండే షటిల్ కొక్కెం దాని పక్కగా వస్తుంది. ఆ తర్వాత దారం ఎక్కించి మళ్లీ చూడు. సూది పక్కన దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది, కొక్కెం అందులో దూరి దాన్ని బాబిన్ చుట్టూ తిప్పుకొస్తుంది. కనీసం పదిసార్లు చూడు, తర్వాత రాయి.

మిషను మీద అచ్చుకొట్టిన నంబరు కూడా రాసి పంపు. తిరక్కపోతే బలవంతం చేయకుండా నాకు ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పిన్ని