బార్స్ మీద చేతులు చిట్లుతుంటే పాపను ప్రాక్టీసుకు పంపాలా?

మీ తొమ్మిదేళ్ల పాప జిమ్నాస్టిక్స్‌లో బార్స్ (పట్టుకుని ఊగే అడ్డ కడ్డీలు) మొదలుపెట్టిన రెండు నెలలకే అరచేతుల్లో తోలు ఊడుతోందని, మాన్పించేయాలా అని అడిగారు. మా అమ్మాయి ఆరేళ్లుగా చేస్తోంది. మొదటిసారి ఆ చేతులు చూసి నాకు ఏడుపొచ్చింది. వాళ్లకు మాత్రం అదో గొప్ప! ‘రిప్’ అయిందంటూ ఒకరికొకరు చూపించుకుంటారు.

ఊగే కొద్దీ వేళ్ల మొదళ్లలో కాయలు కాస్తాయి. కాయ మంచిదే, చేతిని కాపాడుతుంది. మరీ ఎత్తుగా పెరిగితేనే బార్‌కు పట్టుకుని, తోలుతో సహా లేచిపోతుంది. అందుకే స్నానమయ్యాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడు, మడమలు రుద్దుకునే రాయితో మేం వాటిని కాస్త అరగదీస్తాం. పూర్తిగా కాదు, చుట్టూ ఉన్న చర్మంతో సమానమయ్యే వరకే.

చిట్లిన రోజు ముందు, పట్టు జారకుండా చేతులకు రాసుకునే చాక్ పొడి అంతా పోయేలా సబ్బుతో కడగండి. మంట పుడుతుంది, అరుస్తుంది, తప్పదు. వేలాడే తోలును లాగొద్దు, పక్కనున్న మంచి చర్మమూ వచ్చేస్తుంది. శుభ్రమైన చిన్న కత్తెరతో కత్తిరించండి. ఆరితే త్వరగా మానుతుందని నేను మొదట్లో గాలికి వదిలేసేదాన్ని. ఎండి, మళ్లీ అక్కడే పగిలేది. ఇప్పుడు పెట్రోలియం జెల్లీ రాసి, కట్టు కట్టి, రాత్రి పైన ఒక పాత సాక్స్ తొడుగుతున్నా. చుట్టూ ఎర్రదనం పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికే.

ప్రాక్టీసు మాన్పించక్కర్లేదు. పచ్చిగా ఉన్నన్నాళ్లు బార్స్ ఆపి, బీమ్ (సన్నటి పొడవాటి దిమ్మ) మీద నడకలు, గెంతులు, కాళ్లు పూర్తిగా చాపే స్ప్లిట్స్ చేయించమని కోచ్‌ను అడగండి. గ్రిప్స్ (అరచేతికి తొడుక్కునే తోలు పట్టీలు) మాత్రం కోచ్ చెప్పాకే, చేతి కొలత తీసుకునే కొనండి. పెరుగుతుందిలే అని పెద్ద సైజు కొనొద్దు, వదులుగా ఉన్న గ్రిప్ బార్‌కు చిక్కుకుంటే చెయ్యి విరిగే ప్రమాదం ఉంది.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. చేతులు చిట్లినా ఏడవలేదని ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ దాన్ని తెగ మెచ్చుకునేదాన్ని. పదేళ్లప్పుడు మణికట్టు నొప్పిని మూడు వారాలు దాచింది. చేతుల మీద నిలబడ్డప్పుడల్లా నొప్పేనట. ఎముక పెరిగే చోట ఒత్తిడి పడిందని, ఆరు వారాలు చేతుల మీద బరువు వద్దని డాక్టర్ అన్నారు. ‘ఎందుకు చెప్పలేదే?’ అంటే, ‘నువ్వు మెచ్చుకోవని’ అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి ఇంటికి రాగానే అడుగుతా: నొప్పి తోలుదా, లోపలిదా? తోలుదైతే ఇంట్లోనే చూసుకుంటాం. మణికట్టు, మడమ, నడుము నొప్పి అంటే ఆ రోజే కోచ్‌కు చెప్తాను, తగ్గకపోతే డాక్టర్‌కు చూపిస్తాను.

అన్నట్టు, చేతులు చిట్లిన రోజు తలస్నానం మీరే చేయించండి. షాంపూ తగిలితే ఇల్లు ఎగిరిపోతుంది.