పరమాన్నం స్టీలు గిన్నెలో ఎందుకు మాడుతుంది?

ప్రశ్న: మా అమ్మమ్మ కళాయి పూసిన ఇత్తడి గిన్నెలో పరమాన్నం వండితే ఎప్పుడూ అడుగంటేది కాదు. నేను అవే కొలతలతో స్టీలు గిన్నెలో వండుతుంటే, ఎంత కలియబెట్టినా అడుగున గుండ్రంగా మాడుతోంది. స్టీలు కూడా లోహమే కదా, మరి ఈ తేడా ఎందుకు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాడు గుండ్రంగా ఉందని మీరు గమనించి రాశారు, సగం జవాబు అందులోనే ఉంది. గ్యాసు పొయ్యి మంట బర్నరు చిల్లుల వెంట వలయంలా వస్తుంది. ఆ వలయం తాకిన చోటి నుంచి వేడి అడుగంతటికీ పాకితేనే పాలూ బియ్యమూ సమంగా ఉడుకుతాయి. పాకకపోతే అక్కడే పేరుకుని, అడుక్కి దిగిన గంజినీ పాలలోని మాంసకృత్తులనూ మాడ్చేస్తుంది. ఉష్ణవాహకతను మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లు అని లెక్కగడతారు. ఆ లెక్కన రాగికి సుమారు 400, అల్యూమినియానికి 235, ఇత్తడికి 110 పైచిలుకు ఉండగా, మన వంటింటి స్టీలుకు 15 మాత్రమే.

లోహాల్లో వేడిని ప్రధానంగా మోసేవి స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. శుద్ధమైన రాగిలో పరమాణువులన్నీ ఒకే వరుసలో అమరి ఉంటాయి కనుక వాటి దారికి అడ్డు తక్కువ. వంటపాత్రల స్టీలులో ఇనుముతోపాటు సాధారణంగా 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసి ఉండటంతో ఎలక్ట్రాన్లు అడుగడుగునా చెదిరిపోతాయి. గిన్నెను తుప్పు నుంచి కాపాడే ఆ క్రోమియమే వేడికి అడ్డుపడుతోందన్నమాట. ఇత్తడిలో జింకు కలిసినందువల్లనే అది కూడా రాగి కన్నా అంత వెనకబడింది.

మందం సంగతి కూడా చెప్పాలి. పాతకాలపు ఇత్తడి గిన్నెల అడుగు దళసరి. వేడి పక్కలకు పాకడానికి అందులో చోటెక్కువ. అందుకే స్టీలు గిన్నె కొనేటప్పుడు అడుగున మందమైన అల్యూమినియం లేదా రాగి పొర అతికించినది చూసి తీసుకోండి. పైపైన రాగి పూత పూసిన గిన్నె మెరుస్తుందే గాని, అంత పలుచని పొర వేడిని పరిచేది చాలా తక్కువ. అప్పటివరకు గిన్నె కింద మందపాటి ఇనుప పెనం పెట్టి వండి చూడండి.

ఇదే గుణం గరిటె విషయంలో మేలు చేస్తుంది. ఉడికే పప్పులో అల్యూమినియం గరిటె వదిలేస్తే కాడ త్వరగా చెయ్యి కాలుస్తుంది. స్టీలుది కొంతసేపు ఓర్చుకోనిస్తుంది. చెక్క తెడ్డుకు వాహకత 0.2 కూడా ఉండదు కనుక దాని కాడ కాలదు.

ఒక్క జాగ్రత్త మాత్రం అడగకపోయినా చెబుతాను. మసిగుడ్డ చేతిని కాపాడేది ముఖ్యంగా నూలు పోగుల మధ్య చిక్కుకున్న గాలితోనే. గాలి వాహకత 0.026. గుడ్డ తడిస్తే ఆ గాలి చోట నీరు చేరుతుంది, నీటి వాహకత 0.6, అంటే ఇరవై రెట్ల పైమాటే. పొయ్యి మీది గిన్నెను దించేటప్పుడు పొడి గుడ్డనే వాడండి.