తొమ్మిది గంటలు కాదు, ఇరవై ఒకటిన్నర

నమస్కారమండీ. మీ అమ్మగారు జులైలో శంషాబాద్ నుంచి తెల్లవారుజామున 4:20కి బయలుదేరి, దుబాయ్ మీదుగా అదే రోజు మధ్యాహ్నం 1:20కి శాన్ ఫ్రాన్సిస్కో చేరతారని టికెట్‌లో ఉండగా, అంత దూరం తొమ్మిది గంటల్లో ఎలా సాధ్యమని అడిగారు. టికెట్‌లో తప్పేమీ లేదు. ఏ ఊరి వేళను ఆ ఊరి గడియారం ప్రకారమే ముద్రిస్తారు. వేసవిలో కాలిఫోర్నియా మనకన్నా 12 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది కాబట్టి, వారు అక్కడ దిగేసరికి హైదరాబాద్‌లో మర్నాటి తెల్లవారుజాము 1:50 అవుతుంది, అంటే మొత్తం ప్రయాణం 21 గంటల 30 నిమిషాలు. నవంబరు మొదటి ఆదివారం నుంచి ఈ తేడా మరో గంట పెరుగుతుంది.

దుబాయ్‌కి సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు సుమారు 13,000. గ్లోబు మీద దుబాయ్, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య దారం బిగించి చూడండి, అది అట్లాంటిక్ మీదుగా కాక ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది (పిల్లలకు చూపిస్తే సరదాపడతారు). ఆ అంచెకే దాదాపు 16 గంటలు, మొదటి అంచెకు మూడున్నర నుంచి నాలుగు గంటలు పోగా, దుబాయ్‌లో విమానం మారడానికి ఒకటిన్నర నుంచి రెండు గంటలే మిగులుతాయి. నాకు అసలు ఆందోళన అక్కడే. వీల్‌చైర్ సహాయం కావాలని ఇప్పుడే టికెట్‌లో నమోదు చేయించండి.