గోడ పక్కింటివాళ్ళు

ప్రశ్న: మా అబ్బాయి చూడమంటే ఫోన్లో ‘ద జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ సినిమా చూశాను. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ మనుషులు యూదుల్ని లక్షల్లో చంపిన, పోలండ్‌లోని ఆష్విట్జ్ క్యాంపు గోడకి ఆనుకుని ఉన్న ఇంట్లో ఆ క్యాంపు కమాండెంట్ కుటుంబం పూలమొక్కలు పెంచుకుంటూ హాయిగా ఉంటుంది. ఒక్క హత్య కూడా చూపించకుండా, వాళ్ళూ మనలాంటి సంసారులే అన్నట్టు తీయడం వాళ్ళని వెనకేసుకురావడం కాదా సార్? అయినా ఆ రోజుల్లో కాదంటే చంపేసేవాళ్ళు కదా, మామూలు మనిషి ఏం చేస్తాడు?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: ఫోన్లో చూశారా, అక్కడే సగం సినిమా పోయిందమ్మా. చూపించని హత్యలన్నీ అందులో వినిపిస్తాయి. వాళ్ళు భోంచేస్తున్నా, పిల్లలు ఆడుకుంటున్నా గోడ అవతల తుపాకుల మోత, కేకలు, శవాల్ని కాల్చే పొయ్యిల హోరు ఆగవు. 2024లో సౌండ్‌కి ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు. ఈసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.

కమాండెంట్ రుడాల్ఫ్ హోస్‌నీ, భార్య హెడ్విగ్‌నీ నేను మామూలు మనుషుల్లో కలపను. చనిపోయిన ఎవరిదో ఫర్ కోటు వస్తే ఆవిడ తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, జేబులో దొరికిన లిప్‌స్టిక్ కూడా పూసుకుని చూసుకుంటుంది. మొగుడికి బదిలీ అయినా ఇల్లు వదలనని మొండికేస్తుంది. ఇది తెలియనితనం కాదు.

ఇక ‘కాదంటే చంపేసేవాళ్ళు’ అన్నమాట. 1942 జులై 13న పోలండ్‌లోని యూజెఫూఫ్ అనే ఊళ్ళో యూదుల్ని కాల్చడానికి జర్మన్ రిజర్వ్ పోలీస్ బెటాలియన్ 101ని పంపారు. సుమారు 500 మంది. చాలామంది హాంబర్గ్‌లో ఏవో పనులు చేసుకునే నడివయసు సంసారులు. వాళ్ళ మేజర్ ట్రాప్, చేయలేమనుకున్న పెద్దవయసువాళ్ళు తప్పుకోవచ్చని ముందే చెప్పేశాడు. అప్పటికప్పుడు పక్కకి వచ్చింది డజను మంది. వాళ్ళకి ఏ శిక్షా పడలేదు. మిగతావాళ్ళు సాయంత్రానికి దాదాపు 1500 మందిని చంపారు. తోటివాళ్ళ ముందు పిరికివాడు అనిపించుకోవడం నామోషీ అని తర్వాత కొందరు ఒప్పుకున్నారు. ప్రాణభయం కన్నా నామోషీ ఎక్కువైందన్నమాట, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నిజంగా భయపడాల్సింది జర్మన్ల ఆక్రమణలో ఉన్న పోలండ్ జనం. అక్కడ యూదుడికి ఆశ్రయమిస్తే మరణశిక్ష. సినిమాలో రాత్రిపూట ఒక పోలిష్ పిల్ల ఖైదీలు పనిచేసే చోట మట్టిలో ఆపిల్స్ దాచివస్తుంది కదా, ఆ పాత్రకి మూలం నిజంగా అలా చేసిన మనిషే.

మీరు అడిగిన మామూలు మనిషి నా లెక్కన హెడ్విగ్ తల్లి. ఒకప్పుడు ఒక యూదు ఆవిడ ఇంట్లో పనిచేసింది. ఆవిడ ఇప్పుడు ఈ గోడ అవతలే ఉందేమో అంటూనే, ఆవిడ సామాను వేలం వేసినప్పుడు కర్టెన్లు తనకి దక్కలేదని ఒక నిట్టూర్పు! కూతురి వైభోగం చూసి మురిసిపోతుంది. రాత్రి కిటికీలోంచి ఆ మంటల వెలుగు చూశాక మాత్రం నిద్రపట్టదు. ఎవరికీ చెప్పకుండా ఒక ఉత్తరం పెట్టి వెళ్ళిపోతుంది, హెడ్విగ్ అది చదివి పొయ్యిలో పడేస్తుంది. అందులో ఏముందో సినిమా చెప్పదు. నేనైతే ‘ఒంట్లో బాగోలేదు, వెళ్తున్నా’ అని రాసి ఉంటుందనే అనుకుంటున్నాను.