వా పెడల్ కరకరమంటోందా? కొత్తది కొనే ముందు మూత విప్పి చూడు

తమ్ముడూ, కాలు కదిపినప్పుడల్లా కరకర శబ్దం, ఒక్కోసారి ఎంత తొక్కినా ఆన్ కాకపోవడం, ఆఫ్‌లో ఉంటే మాత్రం గిటార్ శుభ్రంగా పలకడం. నువ్వు రాసిన ఈ మూడూ నా వా పెడల్‌కీ (కాలితో తొక్కుతూ గిటార్‌ని 'వా వా' అని పలికించే పెడల్) వచ్చాయి. కొత్తది కొనాలా అని అడిగావు కదా, ఇప్పుడే కొనకు.

నాది క్రై బేబీ అనే వా పెడల్ రకం. సికింద్రాబాద్‌లో మా చర్చిలో ఆదివారం ఆరాధనకి వాయిస్తాను. రిపేరుకి ఇస్తే లోపల సరిగ్గా చూడకుండానే బోర్డు పోయిందన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆన్ అయినప్పుడు ఆ 'వా' పలుకు నిండుగా వస్తోంది, బోర్డు పోతే అదెలా వస్తుంది? ఇంటికి తెచ్చి కింద స్క్రూలు విప్పేశాను.

ముందు శబ్దం సంగతి. పెడల్ ఆన్ చేసి కాలు కదపకుండా ఉంచు. అప్పుడు నిశ్శబ్దంగా ఉండి, కదిపితేనే కరకరమంటే చాలావరకు పాట్‌దే (పొటెన్షియోమీటర్, తొక్కినప్పుడు తిరిగి రెసిస్టెన్స్ మార్చే భాగం) తప్పు. కదపకపోయినా శబ్దం వస్తుంటే కేబుల్, జాక్‌లు, సోల్డరింగ్ చూసుకోవాలి. పాట్ లోపల కార్బన్ పట్టీ మీద ఒక చిన్న రేకు జారుతూ ఉంటుంది, మధ్యలో దుమ్ము చేరితే ఆ శబ్దం వస్తుంది. మా గది మెయిన్ రోడ్డు పక్కనే, మన హైదరాబాద్ దుమ్ము సంగతి నీకు తెలిసిందే. కాంటాక్ట్ క్లీనర్‌ని (ఎలక్ట్రానిక్ భాగాలు శుభ్రం చేసే స్ప్రే) పాట్ సందులోంచి కొంచెం కొట్టి, ముప్పై నలభై సార్లు ముందుకీ వెనక్కీ తొక్కి, బాగా ఆరనివ్వు. తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు, దానికి దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

నాకు రెండు నెలలు బాగుండి శబ్దం మళ్ళీ మొదలైంది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి మామూలు 100 కిలో ఓమ్‌ల పాట్ తెచ్చి వేశాను. శబ్దం పోయింది కానీ, 'వా' అంతా కాలి కదలికలో ఒక చివరే వచ్చేది. వా పాట్‌లో రెసిస్టెన్స్ మారే తీరే వేరు, అంకె ఒక్కటే కలిస్తే సరిపోదు. చివరికి వా పెడల్ కోసమే చేసిన పాట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. నువ్వూ మార్చాల్సి వస్తే, విప్పే ముందే గేర్ పళ్ళు ఎక్కడ కలిశాయో మార్కర్‌తో గీత పెట్టుకో. ఒక పన్ను అటూ ఇటూ అయినా పలుకు మారిపోతుంది.

అసలు పాట్ కొనే ముందే ఇంకొకటి చూడాలి. మల్టీమీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి, నల్ల వైరు గ్రౌండ్‌కి, ఎర్ర వైరు పాట్ మూడు కాళ్ళకీ ఒక్కొక్కటిగా తాకించు. సున్నాకి దగ్గరగా ఉండాలి. వోల్టేజ్ కనిపిస్తే పక్కనున్న కెపాసిటర్ లీక్ అవుతోందన్న మాట. అప్పుడు ఎంత కొత్త పాట్ వేసినా కరకర పోదు.

ఆన్ కాకపోవడం వేరే జబ్బు. వేళ్ళ వైపు తొక్కుడు పలక కింద స్విచ్ ఉంటుంది. నా పెడల్‌లో దాని నట్టు వదులై స్విచ్ కిందికి దిగిపోయింది, పలక దానికి అందడం లేదు. నట్టు సరిచేసి కొంచెం పైకి తెచ్చి బిగిస్తే అయిపోయింది, పైసా ఖర్చు లేదు. మరీ పైకి తేకు, వాయిస్తుండగా దానంతటదే ఆఫ్ అయిపోతుంది. పలక కింద రబ్బరు ముక్క అరిగిందేమో కూడా చూడు. తొక్కినప్పుడు టక్కుమని వినిపిస్తున్నా ఆన్ కాకపోతే చాలావరకు స్విచ్చే పోయినట్టు.

అడాప్టర్ తీసేసి కొత్త 9 వోల్టుల బ్యాటరీతో కూడా ఒకసారి వాయించు. బ్యాటరీ వేశాక, వాయించనప్పుడు ఇన్‌పుట్ జాక్‌లోంచి కేబుల్ తీసెయ్, లేకపోతే వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. పాట్ కాళ్ళ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో, బ్యాటరీతో శబ్దం తగ్గిందో లేదో ఇక్కడే రాయి. ఈ రాత్రికే చూసి చెప్తాను.